లోపలి స్ట్రిప్

జూలై 18, శుక్రవారం

మెషీన్ ఇవాళ కూడా మొండికేసింది. తలుపు చుట్టూ ఉండే రబ్బరు అరిగిపోయి ఆవిరి సన్నగా ఈల వేస్తోంది. కొత్తది కావాలని అత్తయ్య ఎండాకాలం నుంచీ ఆఫీసు చుట్టూ తిరుగుతోంది. ఇస్తాం ఇస్తాం అంటారు. ఈ ఆసుపత్రిలో ప్రార్థనలకి దొరికినంత సులువుగా రబ్బరు దొరకదు.

మూడేళ్ళు సూక్ష్మజీవుల గురించి చదువుకున్నది చివరికి ఆపరేషన్ కత్తెరలు ఉడకబెట్టడానికి. మూట కట్టు, పైన టేపు అంటించు, మెషీన్‌లోకి తొయ్యి, బయటికి తియ్యి. ఆవిరి తగిలితే టేపు మీద చారలు నల్లబడతాయి. చేరిన రోజే అత్తయ్య చెప్పిన పాఠం ఇది: టేపు నల్లబడిందంటే పైన వేడి తగిలిందని మాత్రమే, లోపల పురుగు చచ్చిందో లేదో టేపుకి తెలియదు. అందుకని ప్రతి లోడ్‌లోనూ ఒక పరీక్ష మూట ఉంటుంది. దాని నడిమధ్య ఒక స్ట్రిప్. స్ట్రిప్ మీద నల్లగీత పాకి గడి దాటితే లోడ్ పాసు. దాటకపోతే అన్నీ మళ్ళీ మొదటి నుంచి.

మధ్యాహ్నం లోడ్‌లో గీత దాటలేదు.

అత్తయ్యతో చెప్పాను. పంపించెయ్యమంది. అవతల థియేటర్‌లో డాక్టరుగారు చేతులు కడుక్కుని నిలబడి ఉన్నారు. మూటలు కిటికీలోంచి అందించాను. అన్నిటి మీదా టేపు చక్కగా నల్లబడి ఉంది. ఇంచార్జి ఆవిడే. నేను నిన్నగాక మొన్న చేరినదాన్ని.

వేరే ఉద్యోగానికి ఇచ్చిన ఇంటర్వ్యూ బాగానే జరిగినట్టుంది. ఫోన్ చేస్తామన్నారు.

జూలై 19

అత్తయ్య ఆఫీసులో కూర్చుని, రబ్బరు వచ్చేదాకా లేవనందట. మెకానిక్ వచ్చి మార్చాడు. ఈల ఆగిపోయింది. ఇవాళ్టి స్ట్రిప్పులన్నీ పాసు. ఇక ఎవరికీ ఏ ఇబ్బందీ లేదు.

ఫోన్ రాలేదు. శనివారం కదా.

జూలై 24

సాయంత్రం ప్రార్థన అయ్యాక అత్తయ్య మామూలుగా అడిగింది, మనసు తడుముకున్నావా అని. నాకు ఊహ తెలిసినప్పటి నుంచీ ఇదే ప్రశ్న. అమ్మ పోయి నాన్న వేరే సంసారం పెట్టుకున్నాక నన్ను తెచ్చుకుని పెంచిన మేనత్త. తన పెళ్ళి మాట ఎవరినీ ఎత్తనివ్వలేదు. పిల్లలకి పళ్ళు తోమించినట్టు నాకు రోజూ మనస్సాక్షి తోమించింది.

చిన్నప్పుడు ఒకసారి, పక్కింటావిడని మనసులో తిట్టుకున్నానని చెప్పేశాను. గుమ్మం దాకా తీసుకెళ్ళి క్షమాపణ అడగమంది. నేను తిట్టుకున్న సంగతి ఆవిడకి అప్పటిదాకా తెలియనే తెలియదు. క్షమాపణ అడిగాకే తెలిసింది. ఏడాది పాటు మా ఇంటి వైపు చూడలేదు. అత్తయ్య మాత్రం, చూశావా ఇప్పుడెంత తేలిగ్గా ఉందో, అంది. నాకేమీ తేలిగ్గా అనిపించలేదు. బళ్ళో ఆవిడ కూతురి పక్కన కూర్చోవాల్సింది నేను.

ఇవాళ, తడుముకున్నాను అన్నాను. ఆవిడా తడుముకునే ఉంటుంది. చేతికేమీ తగల్లేదు కాబోలు, హాయిగా కూర్చుని యూనిఫాంకి ఊడిన గుండీ కుట్టుకుంది.

జూలై 29

ఆ శుక్రవారం కాలికి రాడ్డు వేయించుకున్న దర్జీ ఆవిడకి గాయం చీము పట్టిందట. జ్వరం. మా యూనిఫాంలు కుట్టేది ఆవిడే. కొలతలు తీసుకుంటూ, నీకు నడుము లేదమ్మా, గుర్తు కోసం ఒక దారం కట్టుకుని తిరుగు అని నవ్వించేది.

చీము ఎన్ని రకాలుగానైనా పడుతుంది. ఆవిడకి షుగరు కూడా ఉంది.

వార్డు ఆయా గ్లోవ్స్ లేకుండా కట్టు విప్పుతుంటే ఎవరో చూశారట. ఆ ఆయా ఎవరో కాదు, మా రేడియో. పొద్దున గేటు దగ్గర మొదలైతే సాయంత్రం గేటు దాటేదాకా వార్తలే. నేను ఇంటర్వ్యూకి వెళ్ళొచ్చిన ప్రతిసారీ క్యాంటీన్‌లో, మన డిగ్రీ పాప మళ్ళీ తిరిగొచ్చింది, తాళాలు మార్చకండి అని ప్రసారం చేసేది ఆవిడే. రోగుల బిస్కెట్లు తింటుంది. రోగులు తిట్టకపోయినా ఎదురు తిడుతుంది.

గ్లోవ్స్ లేకుండా విప్పిన మాట నిజం. ఆవిడే ఒప్పుకుంది.

ఆగస్టు 1

విచారణ. సూపరింటెండెంట్‌గారి గదిలో అందరం. మీ వైపు నుంచి ఏమైనా ఉందా అని ఆయన అత్తయ్యని అడిగారు. అత్తయ్య నిటారుగా నిలబడి, ఆ రోజు లోడ్ సరిగ్గానే ఉంది సార్ అంది. గొంతులో ఒక్క వణుకు లేదు. నేను పక్కనే ఉన్నాను. ఆయన నా వైపు చూశారు. నేను తలూపాను. ఇంచార్జి చెప్పాక నేను వేరుగా చెప్పడానికేముంటుంది.

రేడియో మాత్రం గోల గోల చేసింది. ఒకే జత గ్లోవ్స్ ఇచ్చి వార్డంతా తుడవమంటే నేను కాళ్ళతో తుడవనా అంది. సూపరింటెండెంట్‌గారి మొహం ఎర్రబడింది. నోరు కాస్త అదుపులో పెట్టుకుంటే ఆవిడకే మంచిది.

ఆగస్టు 3, ఆదివారం

సంస్కారపు ఆదివారం. మా చర్చిలో ప్రభువు రొట్టె ఉన్న పళ్ళెం బల్ల బల్లకీ చేతులు మారుతూ వస్తుంది. మనసు శుద్ధిగా లేదనుకున్నవాళ్ళు రొట్టె తీసుకోకుండా పక్కవాళ్ళకి అందించెయ్యాలి. ఎవరు అందించేశారో అందరూ చూస్తారు, చూడనట్టు. దానికి ముందు మా పాస్టరు అయ్యగారు ప్రతి నెలా ఒక మాట అంటారు. ఎవరికి ఎవరితో ఏమున్నా ముందు లేచి వెళ్ళి సరిచేసుకుని రండి, ప్రభువు బల్ల ఎక్కడికీ పోదు, మేం ఆగుతాం అంటారు. అని, ఆగుతారు. ఒకళ్ళు గొంతు సవరించుకునేంత సేపు. నేను పుట్టాక ఒక్కళ్ళు లేచింది చూడలేదు. లేస్తారని ఆయనా అనుకోరు, వేలు అప్పటికే పాటల పుస్తకంలో తర్వాతి పేజీ దగ్గర ఉంటుంది.

పళ్ళెం వచ్చింది. నేను తీసుకోలేదు. అత్తయ్యకి అందించాను, ఆవిడ కళ్ళలోకి చూస్తూ. ఆవిడ తీసుకుంది. కళ్ళు మూసుకుని, మెల్లగా నమిలింది.

ఈ శాంతి ఎక్కడ దొరుకుతుందో నాకూ చెబితే బాగుండు. రబ్బరులాగా ఆఫీసులో కూర్చుంటే ఇస్తారా?

వెనక బల్లలోంచి గుసగుస వినబడింది. వినబడనీ. ఇంట్లో ఒక్కరికైనా మనస్సాక్షి ఉందని తెలుస్తుంది.

ఆగస్టు 6

అయ్యగారిని కలిశాను. కుండీలకి నీళ్ళు పెడుతున్నారు. ఊరికే ఒక సందేహం అన్నట్టు అడిగాను. తప్పు చేసినవాళ్ళకి మనసు నిమ్మళంగా ఉంటే, ఆ నిమ్మళం దేవుడిచ్చిందేనా?

ఆయన పైపు వదల్లేదు కానీ మాట మాత్రం బాగా చెప్పారు. మనస్సాక్షి దేవుడి గొంతు కాదట, ఆ గొంతు వినే చెవి అట. చెవికీ జబ్బు చేస్తుంది. పొరపాటు పడ్డ మనస్సాక్షినైనా సరే మనిషి తోసిపుచ్చకూడదు, మంచిదనుకున్నదాన్నే చెయ్యాలి, నిజంగా తెలియక చేస్తే దోషం లేదు అని పూర్వపు పెద్దలు చెప్పారట. అయితే తెలుసుకునే వీలుండి తెలుసుకోకపోతే అది తెలియకపోవడం కాదు, తెలుసుకోవడం ఇష్టం లేకపోవడం. ఒకే చోట మళ్ళీ మళ్ళీ వాత పెడితే చర్మం మొద్దుబారినట్టు మనసూ మొద్దుబారుతుంది.

తెలుసుకోవడం ఇష్టం లేకపోవడం. ఆ మాట నోట్లో చప్పరిస్తూ ఇంటికొచ్చాను. అత్తయ్యకి కొలతలు తీసి కుట్టినట్టు సరిపోయింది.

ఎవరి గురించమ్మా అని ఆయన అడిగారు. ఎవరి గురించీ కాదండి అన్నాను. ఆయన మొహం తేటపడింది. ఆసుపత్రి కమిటీలో ఆయనా ఉన్నారు మరి. ఎవరి గురించీ కాకపోతే ఆయన ఎంత లోతైనా మాట్లాడగలరు.

ఆగస్టు 9

ఫోన్ రాలేదు.

ఆగస్టు 12

అత్తయ్య నాకు ఇష్టమని పాలు చిక్కగా కాచి పెట్టింది. తాగలేదు. ఏమే, ఒంట్లో బాగోలేదా అంది. బానే ఉంది అన్నాను. ఆవిడ చెయ్యి నా నుదుటి దాకా వచ్చి ఆగిపోయింది.

ఇక్కడ ఒకటి సరిచేసుకోవాలి. ఆ రోజు నేను చెప్పింది, గీత దాటలేదు అని కాదు. కొంచెం తేడాగా ఉంది అని. మెషీన్ ఈల వేస్తోంది. ఆవిడ థియేటర్ కిటికీ దగ్గర, నాకు వీపు పెట్టి ఉంది. తల ఊపినట్టే గుర్తు. నాకో, కిటికీ అవతలి వాళ్ళకో. కానీ కొంచెం అన్న మాట చాలదా? ముప్ఫై ఏళ్ళ అనుభవం ఉన్న మనిషి వెనక్కి తిరిగి చూడాలి కదా? తెలుసుకోవడం ఇష్టం లేకపోవడం అంటే ఇదే.

ఆగస్టు 14

ఫోన్ వచ్చింది. తీసుకోవడం లేదట. ఆ అమ్మాయి ఎంత మర్యాదగా చెప్పిందంటే, కృతజ్ఞతలు చెప్పి మరీ పెట్టేశాను.

దానికోసమా.

ఆగస్టు 16

దర్జీ ఆవిడని చూసొచ్చాను. రాడ్డు తీసేసి లోపలంతా గోకి శుభ్రం చేశారు. కాలు ఉంటుందట. మోకాలు మాత్రం పూర్తిగా వంగదు. దుప్పటి మీద చేత్తో మడతలు పెడుతూ, విప్పుతూ ఉంది. కుట్టు మెషీన్‌కి మోటారు పెట్టించుకుంటే కాలితో పనిలేదంటగా, నువ్వు చదువుకున్నదానివి, నీకు తెలిసే ఉంటుంది అని అడిగింది. కనుక్కుంటానన్నాను.

ఆయా పాపిష్టి చేతుల వల్లే ఇదంతా అని ఆవిడ చెల్లెలు మంచం పక్కన నిలబడి తిట్టిపోస్తోంది. దర్జీ ఆవిడ కళ్ళు మూసుకుని వింది. నేనూ విన్నాను. వినడం కాదు, తలూపాను. నాకు తెలియకుండానే ఊగింది. ఈ మధ్య నా తల నన్ను అడగడం మానేసింది.

ఆగస్టు 18, సోమవారం

సరే, రాస్తాను.

వీడియో ఇంటర్వ్యూ నాలుగింటికి, ఫోన్‌లో. స్టోర్ రూంలో గోడకి తెల్ల దుప్పటి కట్టి పెట్టుకున్నాను, వెనక శుభ్రంగా కనబడాలని. లోడ్ అప్పుడే దిగింది. పరీక్ష మూట విప్పాను. గీత గడి దాటలేదు. కొంచెం కాదు, సగంలోనే నిలిచిపోయింది. మళ్ళీ మొదటి నుంచి అంటే నాలుగు ఎప్పుడో దాటిపోతుంది. అత్తయ్య కిటికీ దగ్గర నిలబడి ఉంది. వీపు పెట్టి కాదు. నా వైపే తిరిగి అడిగింది.

"అంతా బానే ఉందా?"

"ఆ" అన్నాను.

అంతే జరిగింది. కొంచెం తేడా లేదు, చెప్పడం లేదు, పంపించెయ్యమనడం లేదు. స్ట్రిప్‌ని చెత్తబుట్టలో వేసి, దాని మీద ఒక గ్లోవ్ వేసి, వెళ్ళి జుట్టు దువ్వుకున్నాను.

మర్నాడు రబ్బరు మార్చాక ఆవిడ మళ్ళీ అడిగింది, నిన్నటి స్ట్రిప్ బానే వచ్చింది కదా అని. ఆ అన్నాను. విచారణలో తలూపాను. మూడుసార్లు ప్రభువునెరగనన్న శిష్యుడితో పోలిక వెతకక్కర్లేదు. మా వీధిలో కూయడానికి కోళ్ళు కూడా లేవు.

ఆవిడకి తెలియదు. ఆవిడది నిజంగా తెలియకపోవడమే. అయ్యగారి దగ్గర నుంచి తెచ్చుకున్న ఆ మాట ఎవరి కొలతకి కుట్టిందో ఇప్పుడు చూసుకుంటున్నాను.

సాక్షి అన్నాక పాఠం నేర్పి బోనెక్కించొచ్చు. నా సాక్షికి నేనే వకీలుని. ఈ పుస్తకంలో నెల రోజుల పాటు చెప్పించాను. ఎవరూ అడగని చోట కూడా అబద్ధం చెప్పింది, అంత బాగా నేర్పాను.

ఆగస్టు 20

అత్తయ్యతో చెప్పాను. ఈసారి నిజంగా చెప్పాను.

మూటల గుడ్డలు ఇస్త్రీ చేస్తోంది. పెట్టె ఆపి, నిలబెట్టి, తీగ చుట్టింది. ఆ తర్వాత అడిగింది.

"మరి ఇన్నాళ్ళూ నన్నెందుకు అలా చూశావు?"

నేను ఇస్త్రీ అయిన గుడ్డలు మడత పెట్టబోయాను.

"నీ చూపు చూసి నేనేదో తప్పు చేశానేమోనని రోజూ తడుముకున్నాను. ఏమీ దొరకలేదు. దొరకలేదని ఇంకా భయమేసింది. నా మనసే మొద్దుబారిందేమో, దేవుడు ఈ పిల్ల మొహంలో చూపిస్తున్నాడేమో అనుకున్నాను. ఆ ఆదివారం రొట్టె మింగుతుంటే గొంతు దిగలేదు నాకు."

నేను శాంతి అని రాసుకున్నది అదీ.

కొట్టి ఉంటే బాగుండేది. వెళ్ళి సూపరింటెండెంట్‌గారికి చెప్పమంది. శనివారం రేడియోని పిలిచి తీసేస్తారట, ఆలోపే. నువ్వే చెప్పకూడదా అత్తయ్యా అన్నాను. సిగ్గు లేకుండా అన్నాను.

"చెప్పను. నేను చెబితే అది నాది అవుతుంది. నీది ఎక్కడుందో అక్కడే ఉంటుంది."

ఆగస్టు 23, శనివారం

వెళ్ళాను. వెళ్ళలేదని ఎవరూ అనకూడదు. సూపరింటెండెంట్‌గారి గది బయట బెంచీ మీద కూర్చున్నాను. కాసేపటికి రేడియో వచ్చి పక్కనే కూర్చుంది. తల నున్నగా దువ్వుకుని, ఉతికిన చీర కట్టుకుని వచ్చింది. తీసెయ్యడానికి పిలిచిన వాళ్ళ ముందు కూడా శుభ్రంగా కనబడాలనుకుంది.

"ఏం డిగ్రీ పాపా, నిన్నూ పీకేస్తున్నారా?" అంది.

సెలవు చీటీ ఇవ్వడానికి వచ్చానన్నాను.

సెలవా, నాకు ఒక్కసారే బోలెడు ఇస్తున్నారు, కావాలంటే నువ్వూ కొంచెం తీసుకో అంది. తన జోక్‌కి తనే నవ్వింది. ఇంట్లో ఆయనకి పని లేదని, చిన్నదాని కళ్ళజోడు విరిగిందని, క్యాంటీన్ అతను ఎవరితో తిరుగుతున్నాడో తనకి తెలుసనీ, ఒకదాని వెనక ఒకటి. మధ్యలో గొంతు తగ్గించి, గ్లోవ్స్ వేసుకోకపోవడం తప్పే, దానివల్లే దర్జీ ఆవిడ కాలు పాడైందంటావా అని అడిగింది. మోచేతుల దాకా చేతులు చీర కొంగుతో తుడుచుకుంది. రోజూ ఎన్నిసార్లు కడుగుతోందో, చర్మం తెల్లగా పొడిబారి పగిలి ఉంది.

నాకు రావాల్సిన మనస్సాక్షి తప్పుడు చిరునామాకి వెళ్ళిపోయింది. పాపం, చేయని తప్పుకి ఆవిడ మనసు కుతకుత ఉడుకుతోంది. చేసిన నా దగ్గర పైన టేపు నల్లగా ఉంది, అంతే.

బంట్రోతు తలుపు తీసి ముందు ఆవిడని పిలిచాడు. తలుపు మూసుకుంది. లోపల ఆవిడ గొంతు లేదు. మొదటిసారి ఆవిడ ఉన్న గదిలోంచి ఏమీ వినబడలేదు.

నేను లేచి వచ్చేశాను.

ఆగస్టు 24

రాయను.

ఆగస్టు 25, సోమవారం

అత్తయ్య రాజీనామా ఇచ్చి వచ్చింది. నాతో ముందు అనలేదు. పరీక్ష మూట విప్పనే లేదు, టేపు చూసి పంపించేశాను, విచారణలోనూ అబద్ధం చెప్పాను, తప్పు పూర్తిగా నాదే అని చెప్పిందట.

ఆవిడ అబద్ధం చెప్పడం నేనెప్పుడూ వినలేదు. మొదటిసారి చెప్పింది, నాకోసం చెప్పింది, బాగా చెప్పింది. అందరూ నమ్మారు.

నువ్వు చెప్పనన్నావు కదా అన్నాను.

"అన్నాను" అంది. "నిన్న ప్రార్థనలో కూర్చుంటే ఆ ఆయా పిల్లలు కనబడ్డారు. నీకోసం ఆగుతూ కూర్చునే ఓపిక నాకు లేకపోయింది తల్లీ. నిన్ను పెంచింది నేనే కదా. ఎక్కడో నేనే సరిగ్గా ఉడికించలేదు."

కోపంగా అనలేదు. లోడ్ గురించి మాట్లాడినట్టే మాట్లాడింది. తర్వాత అన్నం పెట్టింది. ఇద్దరం తిన్నాం.

సాయంత్రం, మనసు తడుముకున్నావా అని అడగలేదు. అడగలేదని గమనించి ఎదురుచూశాను. అడగలేదు.

ఆగస్టు 30

నన్ను ఇంచార్జి చేశారు. డిగ్రీ ఉన్నది నాకే. ఆసుపత్రికి మీలాంటి చదువుకున్న వాళ్ళే కావాలమ్మా, పాతకాలం వాళ్ళకి ఇవన్నీ అర్థం కావు అన్నారు సూపరింటెండెంట్‌గారు. కాదు సార్ అందామని నోరు తెరిచాను. థాంక్యూ సార్ అని వచ్చింది.

క్వార్టర్స్ ఇంచార్జికి ఇచ్చేది కాబట్టి ఇల్లు ఖాళీ చెయ్యక్కర్లేదు. పొద్దున అత్తయ్య నా యూనిఫాం ఇస్త్రీ చేసి కుర్చీ మీద వేసింది. ఇప్పుడు ఆవిడ నా ఇంట్లో ఉంటోంది.

కొత్తమ్మాయి ఒకతి చేరింది. టేపు నల్లబడితే పంపించెయ్యొచ్చా మేడమ్ అని అడిగింది. పాఠం చెప్పాను. అక్షరం పొల్లు పోకుండా చెప్పాను.

సెప్టెంబరు 3

రేడియోని మళ్ళీ తీసుకున్నారు. మా గదికి వచ్చింది. నా రెండు చేతులూ పట్టుకుంది. ఆ పగిలిన చేతులతో.

"నువ్వొక్కదానివే ఆ నెల రొట్టె తీసుకోలేదు. సొంత మేనత్త తప్పు చేస్తే కూడా నీ మనసు ఒప్పలేదు. నేనే నిన్ను నానా మాటలూ అన్నాను పాపా."

క్యాంటీన్‌లో, లాండ్రీలో, గేటు దగ్గర, పొద్దుటి నుంచీ ఇదే ప్రసారమట. దారిలో వాచ్‌మన్ నాకు నమస్కారం పెడితే ఎందుకా అనుకున్నాను. అత్తయ్య పాలు తీసుకోవడానికి వెళితే మాత్రం జనం పక్కకి జరిగారట. ఆవిడ చెప్పలేదు, కొత్తమ్మాయి చెప్పింది, నేను మంచి వార్త విన్నట్టు సంతోషిస్తాననుకుని.

అప్పుడు తట్టింది. ఊరందరికీ చెప్పే ధైర్యం నాకు లేదు. కానీ ఈవిడొక్కదానికి చెబితే చాలు, మధ్యాహ్నానికి తెలియనివాళ్ళు మిగలరు. కొత్తమ్మాయిని బయటికి పంపి తలుపు వేశాను. కూర్చో అక్కా అన్నాను. మొత్తం చెప్పాను. ఇంటర్వ్యూ, స్ట్రిప్, ఆ అన్న మాట, బెంచీ, అన్నీ.

రేడియో చాలా సేపు తన చేతులు చూసుకుంది. అటు తిప్పి, ఇటు తిప్పి. తర్వాత అడిగింది.

"ఇదంతా నాకెందుకు చెబుతున్నావు? నేను ఊరంతా చాటితే నీకు శ్రమ తప్పుతుందనా?"

కాదన్నాను. అవునని ఆవిడకి తెలిసిపోయింది.

"నేను ఎవరికీ చెప్పను. మళ్ళీ విచారణ అంటారు, మళ్ళీ నన్ను ఇంట్లో కూర్చోమంటారు. నాకెందుకొచ్చిన గొడవ. నా పిల్లల మీద ఒట్టు, చచ్చినా చెప్పను."

వెళుతూ వెళుతూ తలుపు దగ్గర ఆగి ఇంకో మాట అంది. బెంచీ మీద నువ్వు నా పక్కన కూర్చున్నావు కదా, ఎంత సేపు కూర్చున్నావు, అంది. జవాబు కోసం ఆగలేదు.

సెప్టెంబరు 5

ఆవిడ ఎవరికీ చెప్పలేదు. క్యాంటీన్‌లో నేను కనబడితే మాట ఆపి గ్లాసులోకి చూస్తోంది. ఈ ఆసుపత్రిలో ఆవిడ నోరు మూయించగలిగింది నేనొక్కదాన్నే.

సెప్టెంబరు 7, ఆదివారం

సంస్కారపు ఆదివారం. ముందు బల్లలో సూపరింటెండెంట్‌గారు, ఆయన భార్య. వెనక రేడియో, పిల్లలు. చిన్నదానికి కొత్త కళ్ళజోడు. దర్జీ ఆవిడ కూడా వచ్చింది, చేతికర్రతో. చివరి బల్లలో కాలు చాపుకుని కూర్చుంది. మా బల్లలో అత్తయ్య, నేను, మధ్యలో ఎవరూ లేరు, అవతలా ఎవరూ లేరు. అత్తయ్య పక్కన కూర్చోవడానికి ఎవరికీ మనసొప్పలేదు. పళ్ళెం వస్తే తీసుకోనని ఆవిడ పొద్దునే చెప్పింది. అబద్ధం చెప్పిన నోరు కదా అంది.

నేను తీసుకోవాలనే వచ్చాను. నిజం రాస్తున్నాను. తీసుకుంటే అన్నీ మామూలైపోతాయని, నెల నెలా తీసుకుంటూ పోతే ఒక నెలకి ఏమీ అనిపించదని లెక్క వేసుకునే వచ్చాను. మొద్దుబారడం ఒక వరం అనుకునే దాకా వచ్చాను.

అయ్యగారు ఆ మాట అన్నారు. లేచి వెళ్ళి సరిచేసుకుని రండి, మేం ఆగుతాం. ఆగారు. ఎవరో గొంతు సవరించుకున్నారు. ఆయన వేలు పాటల పుస్తకం పేజీ తిప్పబోయింది.

నేను లేచి నిలబడ్డాను.

ఏం చెయ్యాలో ఎవరికీ తెలియలేదు. ఎప్పుడూ ఎవరూ లేచి ఉండకపోతే ఎలా తెలుస్తుంది. అయ్యగారు నాకు కళ్ళు తిరిగాయనుకుని కిటికీ తియ్యమని సైగ చేశారు. ఎవరో తీశారు. గాలి వచ్చింది. సూపరింటెండెంట్‌గారి భార్య నీళ్ళ సీసా అందించింది. వెనక బల్లలోంచి రేడియో అయ్యో అంది, చాలా మెల్లగా. అత్తయ్య నా చున్నీ కొస పట్టుకుని కిందికి లాగింది. కూర్చోవే, అంది, పెదవులతోనే. ఏడేళ్ళ దాన్ని వేలు పట్టుకుని పక్కింటి గుమ్మం దాకా తీసుకెళ్ళిన ఆ చేత్తోనే.

నేను కూర్చోలేదు. అయ్యగారు పుస్తకం మూశారు, వేలు లోపలే ఉంచి.

"అమ్మా, అంతా బానే ఉందా?" అని అడిగారు.

"లేదండి" అన్నాను.